సూపర్ మార్కెట్టులో నా బోణీ

కొట్టు ఉంచుతున్నామో తీసేస్తున్నామో నెలాఖరులోగా చెప్పమన్నారు గది ఓనరుగారు. ఆయన మర్యాదస్తులు. "తొందరేం లేదండి, ఇద్దరూ ఆలోచించుకునే చెప్పండి" అని ఒకే ఫోన్లో రెండుసార్లు అన్నారు. నిజంగా తొందర లేనివాళ్లు ఆ మాట ఒక్కసారే అంటారు. ఫోను పెట్టేశాక మా ఆయన చేటలో పోసుకున్న మినప్పప్పు ముందు కూచున్నారు. ఆ పప్పులో ఏరడానికి ఒక్క రాయి కూడా లేదు. అయినా చాలాసేపు ఏరుతూనే ఉన్నారు.

మాది కిరాణా కొట్టు. రాజమండ్రి ఊరి చివర, కడియం వెళ్లే దారికి దగ్గర్లో ఒక కాలనీలో ఉంది, దాన్ని ఆనుకునే మా ఇల్లు. ఇళ్ల కంటే ముళ్లపొదలెక్కువగా ఉన్న రోజుల్లో పెట్టాం. మాకు పిల్లలు లేరు. పొద్దున్నే షట్టరు ఎత్తడం, రాత్రి దింపడం, మధ్యలో మండపేట మిల్లు నుంచి వచ్చిన బియ్యం బస్తాలు దింపించుకోవడం, వచ్చినవాళ్లతో వాదులాడ్డం, ఇదే మా సంసారం. కొట్టు తీసేస్తే తిండికి ఇబ్బంది పడతామా అంటే, ఎలాగోలా గడుస్తుంది. కానీ పొద్దున్న లేచి ఎందుకు మొహం కడుక్కోవాలో మాకు తెలియదు. ఈ మాట మేమిద్దరం ఒకరితో ఒకరం అనుకోలేదు. అనుకుంటే భయం ఇంకా పెరుగుతుందని ఊరుకున్నాం.

కారణం అందరికీ తెలిసిందే. వానాకాలం మొదట్లో మెయిన్ రోడ్డు మీద, మొన్నటిదాకా మొక్కల నర్సరీ ఉన్న స్థలంలో సూపర్ మార్కెట్టు తెరిచారు. తెరిచిన రోజు బెలూన్లు కట్టారు, డప్పులు వాయించారు, ఆటోకి మైకు కట్టి కాలనీ అంతా తిప్పారు. ఆ ఆటో సరిగ్గా మా కొట్టు ముందే ఆగి ఒకటి కొంటే ఒకటి ఉచితం అని అరిచింది. మా ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆ గుమ్మం తొక్కనని ఆ రోజే అన్నారు. అన్నమాట తప్పే మనిషి కాదు, అదే నా ఖర్మ.

మినప్పప్పు ఏరడం అయ్యాక, "నువ్వెళ్లి ఓసారి చూసి రా" అన్నారు.

"నేనా?"

"సరుకు ఎక్కడేం పెట్టాలో ఈ కొట్టులో నిర్ణయించింది నువ్వే కదా. ఆళ్లు ఎలా పెట్టేరో చూడు. మనం నిలబడగలం అన్నావంటే ఉంచుదాం. లేదన్నావంటే ఓనరుగారికి చెప్పేద్దాం. నువ్వు ఎలా అంటే అలాగే."

ఇంత బరువు నా నెత్తిన పెట్టి ఆయన తేలిగ్గా పడుకున్నారు. నాకు ఆ రాత్రి కునుకు పడితే ఒట్టు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మా కొట్టులో టీ పొడి పక్కన ఎండుమిరపకాయలు ఉండవు, టీకి ఘాటు పట్టేస్తుంది. సబ్బులు అటుకుల దరిదాపుల్లో ఉండవు. ఇంగువ ఒంటరిగా ఉంటుంది, అది ఎవరితోనూ కలవదు. కింది అరలోది తియ్యాలంటే మా ఆయన నడుం ఎంత వంచాలో, పై అరలోదానికి చెయ్యి ఎంత చాచాలో చూసుకుని మరీ సర్దాను. ఆ కొట్టు పెద్ద అందంగా ఉంటుందని అనను. చీకట్లో కూడా ధనియాలెక్కడున్నాయో చెప్పగలను, అంతే.

మర్నాడు పొద్దున్నే, బ్యాంకుకి వెళ్లేటప్పుడు కట్టుకునే చీర కట్టుకుని బయల్దేరాను. తెలిసినవాళ్లెవరూ రాకముందే చూసేసి వచ్చెయ్యాలని నా ఆలోచన. పైసా సరుకు కొనకూడదని కూడా గట్టిగా అనుకున్నాను. వాళ్లు అప్పుడే తలుపులు తీస్తున్నారు.

గుమ్మంలోనే నాకు మొదటి ఆయుధం దొరికింది. అటూ ఇటూ పెద్ద కుండీల్లో మొక్కలు పెట్టారు. దగ్గరికెళ్లి ఆకు పట్టుకు చూస్తే ప్లాస్టిక్కు. పక్కనే కడియం. దేశమంతా లారీల్లో మొక్కలు పంపే నర్సరీలు కూతవేటు దూరంలో ఉన్నాయి, ఈ స్థలంలోనే నిన్నమొన్నటిదాకా మొక్కలమ్మారు. ఇక్కడ ప్లాస్టిక్ మొక్క పెట్టడానికి ఎంత ధైర్యం ఉండాలి. ఆకుల మీద దుమ్ము కూడా పేరుకుంది. ఇది మా ఆయనకి చెప్పి తీరాలి అనుకున్నాను.

మెట్లకి నున్నటి నల్లరాయి వేశారు. మన వానలకి ఆ రాయి మీద కాలు నిలవదు, ఎవరో ఒకరు జారి తుంటి విరగ్గొట్టుకుంటారు. కానీ పక్కనే మెట్లు లేకుండా వాలుగా ఒక దారి కట్టి, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ పెట్టారు. నడవలేనివాళ్లు కూడా దాని మీదుగా లోపలికి వెళ్లొచ్చు. అది చూసి నా కోపం కాస్త తగ్గింది, తగ్గినందుకు మళ్లీ కోపం వచ్చింది. మా కొట్టు మెట్టు ఎత్తు. ముసలివాళ్లు కిందే నిలబడి చెయ్యి చాస్తారు, మేం వంగి అందిస్తాం. ఇన్నేళ్లలో ఆ మెట్టు ముందు ఒక రాయి వెయ్యాలని మా ఇద్దరికీ తోచలేదు.

లోపల చల్లగా ఉంది. గుడికెళ్లినప్పుడు కలిగే చల్లదనం కాదు, ఆస్పత్రిలో స్కానింగు గదిలో ఉండే చలి. వాసన లేదు. కొట్టంటే వాసన ఉండాలని నేననుకుంటాను. గోనె సంచి వాసన, బెల్లం వాసన, కొత్త చింతపండు పులుపు. ఇక్కడ కందిపప్పు, కాఫీ పొడి, చీపురు అన్నీ ఒకే ప్లాస్టిక్ వాసన వేస్తున్నాయి. ఇది రెండో ఆయుధం.

అరలు నా కంటే ఎత్తు. పైవరసలో నెయ్యి సీసాలున్నాయి. అవి అందుకోవాలంటే ఆరడుగుల మనిషయినా అయ్యుండాలి, నిచ్చెనయినా తెచ్చుకోవాలి. నెయ్యి కొనేది ఎవరండీ, ఇంట్లో ఆడవాళ్లు. వరసల మధ్య దారి ఎంత ఇరుకంటే, రెండు తోపుడు బుట్టలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. పైన వేలాడదీసిన బోర్డులన్నీ ఇంగ్లీషే.

అరటిపళ్లు చూసి మాత్రం నవ్వొచ్చింది. రావులపాలెం నుంచి గెలలకి గెలలు దిగే చోట, గెల నుంచి కోసిన ఒక్కో అత్తాన్ని పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, స్టిక్కరంటించి, కాటా వేసి అమ్ముతున్నారు. ఊపిరాడక లోపల చెమ్మ పట్టింది. మధ్యాహ్నానికి నల్లబడతాయి.

కర్పూరం కోసం వెతికాను. చివరికి ఫినాయిల్ సీసాల పక్కన, బొద్దింకల మందుకి ఎదురుగా దొరికింది. అగరొత్తులు ఇంకో వరసలో, తమలపాకులు కూరల దగ్గర, వక్కలు చాక్లెట్ల దగ్గర. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకునేవాళ్లు మా కొట్టుకొచ్చి "వ్రతం సామానండి" అంటే చాలు. గోధుమ నూక దగ్గర్నుంచి దారపుండ దాకా అన్నీ ఒక్క సంచిలో పెట్టిస్తాను, ఏది మర్చిపోతారో ముందే తెలిసి అది పైన పెడతాను. ఇక్కడ వ్రతం చేసుకోవాలంటే ముందు ప్రదక్షిణలు చెయ్యాలి.

పాల పేకెట్లు అన్నిటికంటే వెనక గోడకి పెట్టారు. ఎందుకా అని కాసేపు ఆలోచించాక తెలిసింది. పాలకోసం వచ్చినవాడు మొత్తం కొట్టు దాటుకుని వెళ్లాలి, మళ్లీ దాటుకుని రావాలి. దొంగ తెలివి. చిన్నపిల్లల కంటబడేలా తీపి బిళ్లల సీసాలు ముందు పెట్టే నాకు అది అర్థం కావడానికి ఎంతసేపు. ఆ మాటకొస్తే అది కనిపెట్టినవాడి మీద కొంచెం గౌరవం కూడా కలిగింది.

ఇలా తప్పులు మూటగట్టుకుంటూ తిరుగుతుంటే నా ప్రాణం లేచొచ్చింది. నిలబడగలం అనిపించింది. ఆ ఎత్తు మెట్టు ముందు రాయి వేయిద్దాం, లైటు మారుద్దాం, పప్పులు కనబడేలా డబ్బాలు పెడదాం. కొన్నాళ్లు మోజు మీద తిరిగి మళ్లీ మన దగ్గరికే వస్తారు. మా ఆయనకి ఏ మాట ముందు చెప్పాలా అని వరస కూడా పేర్చుకున్నాను.

అప్పుడు వచ్చింది మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి. కాలేజీ బ్యాగుతో నేరుగా పక్క వరసలోకి వెళ్లింది. నన్ను చూడలేదు. అరల సందులోంచి నాకు కనబడుతోంది. నెలసరి పేకెట్ల దగ్గర నిలబడి, ఒకటి తీసి వెనక రాసింది చదివింది, పెట్టేసింది, ఇంకోటి తీసింది. తీరుబడిగా రెండిటినీ పోల్చి చూసుకుంది. కావలసింది పైకి కనబడేలాగే బుట్టలో వేసుకుని షాంపూల వైపు నడిచింది. అటూ ఇటూ చూడనే లేదు.

ఆ అమ్మాయే మా కొట్టుకొస్తే బిస్కెట్ల సీసాల వంక చూస్తూ పక్కకి నిలబడుతుంది. మగవాళ్లు వెళ్లేదాకా కాచుకుంటుంది. వాళ్లు వెళ్లాక నా దగ్గరికొచ్చి, నాకే వినపడనంత మెల్లగా అడుగుతుంది. నేను న్యూస్ పేపర్లో చుట్టి, పురికొస కట్టి, నల్ల కవర్లో పెట్టి ఇస్తాను. ఎంత కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నానో అని లోపల గర్వపడేదాన్ని. అలా కాచుకోవాల్సిన అవసరం తనకి ఎందుకుండాలి అని ఎప్పుడూ అనుకోలేదు.

ఒకటి తర్వాత ఒకటి గుర్తొచ్చాయి. మా కొట్టులో నోరు తెరిచి అడగందే ఏదీ చేతికి రాదు. వంద గ్రాముల నూనె కావాలన్నా నలుగురి ముందూ అనాలి. అన్నవాళ్లని నేను ఊరికే వదలను. "ఇంకో కాఫీ పొడి పేకెట్టా, ఎవరొచ్చేరేంటి" అంటాను. "పోయిన వారమే కదండీ సబ్బు పట్టుకెళ్లేరు" అంటాను. నా నోటికి అది సరదా. అందరూ నవ్వుతారు కాబట్టి అందరికీ సరదా అనుకున్నాను. ఈ చలి గదిలో, వాసన లేని గదిలో, ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. కర్పూరం ఫినాయిల్ పక్కన పెట్టినా సరే, ఆ ఒక్క సుఖం కోసం మనిషన్నవాడు రోజూ వస్తాడు.

ఎత్తు మెట్టు తగ్గించుకోవచ్చు, లైటు మార్చుకోవచ్చు. మేము అడ్డంగా కూచునే బల్లని ఏం చేస్తాం? అది తీసేస్తే మా కొట్టే లేదు. మేం నిలబడలేం అని అక్కడే, ఆ అరల సందులో నాకు స్పష్టంగా తెలిసిపోయింది. ఆ పిల్ల కంటబడకుండా బయటపడాలని గబగబా నడిచాను.

బయటపడటం వాళ్ల చేతుల్లో ఉంటుందని అప్పుడు తెలిసింది. వచ్చిన గుమ్మంలోంచి మళ్లీ బయటికి పోనివ్వరు. బిల్లు కట్టే బల్లల మధ్య ఇరుకు దారిలోంచే వెళ్లాలి. కొన్నా కొనకపోయినా బిల్లు వేసే మనిషి మొహం చూసి తీరాలి. అప్పటికి ఒక్క బల్లే తెరిచి ఉంది. దాని వెనక ముప్పై ఏళ్లుంటాయేమో, పుస్తెలతాడు కంపెనీ చొక్కా లోపలికి దోపుకున్న ఒకామె నిలబడి ఉంది. మిషను పక్కన వేలెడంత దేవుడి పటం, దానికో చామంతి. ఒట్టి చేతులతో వస్తున్న నన్ను చూసి ఆమె మొహం వాడిపోయింది.

"మేడమ్, ఏం తీసుకోలేదా అండి?"

"లేదమ్మా. ఊరికే చూద్దామని."

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పిన్నిగారూ, ఏవీ అనుకోకండి. మీదే బోణీ అండి. మా అమ్మ కాకినాడలో చేపల గంప పట్టుకుని తిరుగుద్దండి. బోణీ బేరం తప్పిందంటే ఆ రోజు గంప దిగదండి. నిన్న ఒకాయన ఇలాగే ఊరికే వెళ్లిపోయేరు, రోజంతా మిషను పని చెయ్యలేదు, తిట్లన్నీ నాకు పడ్డాయండి. ఏదో ఒకటి తీసుకోండి, చిన్నదైనా సరే."

ఆ దారిలో నిలబడి నేను పడ్డ అవస్థ ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఎదురుగా ఉన్నది మా పొట్ట కొట్టే కొట్టు. పైసా కొనకూడదని ఒట్టేసుకుని వచ్చాను. కానీ బోణీకి వచ్చి, సరుకు చూసి, ఒట్టి చేతులతో వెళ్లిపోయేవాళ్లని ఎన్ని పొద్దులు నేను మనసులో తిట్టుకోలేదు? అలా జరిగిన రోజు మా ఆయన మధ్యాహ్నం దాకా మాట్లాడరు. ఇంకెవరైనా అయితే భుజాలెగరేసి వెళ్లిపోయేవారు. పెళ్లయిన దగ్గర్నుంచి కొట్టులో కూచున్న మనిషిని, నాకు అలా వెళ్లడం చేతకాదు. బోణీ చెడగొట్టిన కాళ్లతో ఇంటికెళ్లి మళ్లీ నా కొట్టులో కూచోలేను.

వెనక్కి వెళ్లాను. బోణీకి ఏది పడితే అది కొనకూడదు కదా. మంచివి చూసి కిలో పంచదార, పసుపు పేకెట్టు పట్టుకొచ్చాను. రెండూ మా కొట్టులో బస్తాలతో ఉన్నాయి. ఆమె నోట్లు కళ్లకద్దుకుంది. నేను వద్దు వద్దంటున్నా ఓపెనింగ్ ఆఫరంటూ ఒక పెద్ద గుడ్డసంచిలో వేసి ఇచ్చింది. నారింజ రంగు సంచి, దాని మీద అరచెయ్యంత అక్షరాలు. వీధి చివర్నుంచి చదవొచ్చు.

పంచదార, పసుపు ఉన్న సంచిని కాలవలో పడెయ్యలేను. ఈ సంచితో మెయిన్ రోడ్డు మీదుగా మా వీధిలోకి నడిస్తే ఇంకేమైనా ఉందా. ఫంక్షన్ హాలు వెనక, మురుగుకాలవ పక్కనుంచి ఒక సందుంది. చుట్టుతిరుగుడు, కంపు, పందులు. ఎవరూ రారు. అటు తిరిగాను.

సందు మలుపులో మేష్టారి భార్య ఎదురైంది. కాలనీలో మా మొదటి ఖాతాదారు ఆవిడే. రిటైరైన మేష్టారు, ఆవిడ, ఇద్దరే ఉంటారు. మోకాళ్ల నొప్పులని ఈమధ్య కొట్టుకి తక్కువగా వస్తోంది, వచ్చినా ఉప్పు పేకెట్టో అగ్గిపెట్టో పట్టుకెళ్తోంది. ఆవిడ అప్పుడే సూపర్ మార్కెట్టుకి బయల్దేరింది. మడిచిన నారింజ రంగు సంచి చంకలో ఉంది. నన్ను చూడగానే దాన్ని పమిట చాటుకి లాక్కుంది. అంతలో నా చేతిలోది చూసింది.

"మీరూనా, వదినగారూ" అంది.

నాకు తల తీసేసినట్టయింది. బోణీ కోసం కొన్నానండి అని చెప్పాలనుకున్నాను. పగవాడి కొట్టుకి బోణీ చేసి వచ్చానంటే ఎవరు నమ్ముతారు.

ఆవిడ మాత్రం పమిట చాటునుంచి సంచి తీసి, మొహమంతా విచ్చుకుని, నా చెయ్యి పట్టుకుంది. "అమ్మయ్య. ఎంత తేలికయిందో తెలుసాండీ నాకు. ఈ సంచి పట్టుకుని మీ కొట్టు ముందునుంచి వెళ్లాలంటే ప్రాణం చచ్చిపోయేదండి. ఏవనుకుంటారో, ఎంత బాధపడతారో అని. అందుకే ఈ కంపులోంచి, ఈ మోకాళ్లతో ఇలా చుట్టు తిరిగి వెళ్తున్నాను. నేనేంటి, మన వీధి వీధంతా ఇటేనండి."

నేను సందు వంక చూశాను. ఎవరూ నడవని దారి అనుకున్నానే, బురద మీద ఇటుకలు వరసగా పేర్చి ఉన్నాయి. కాలు పెట్టడానికి వీలుగా ఎవరో ఓపిగ్గా పేర్చారు. మా కంట పడకుండా ఉండటానికి వీధంతా కలిసి చేసుకున్న ఏర్పాటు అది.

ఇంటికొచ్చి సంచి బల్ల మీద పెట్టాను. మా ఆయన పంచదార తీసి చూశారు, పసుపు తీసి చూశారు. బోణీ సంగతి చెప్పాను.

"మంచి పనే చేసేవు. బోణీ కాదని ఎలా వచ్చేస్తాం" అన్నారు.

ఈ లోకంలో ఆ మాట అర్థమయ్యే మనిషి ఆయనొక్కరే. తర్వాత ప్లాస్టిక్ మొక్కల గురించి, అరటిపళ్ల గురించి, ఫినాయిల్ పక్కన కర్పూరం గురించి చెప్పాను. నవ్వారు. ఆయన నవ్వి చాలా రోజులైంది. ఆ కాలేజీ పిల్ల గురించి చెప్పలేకపోయాను, సందులో ఇటుకల గురించీ చెప్పలేకపోయాను.

"అయితే నిలబడతాం అంటావా?" అన్నారు.

"చూద్దామండి" అన్నాను. ఆయన దాన్ని అవునని అనుకున్నారు.

మేష్టారి భార్య చెడ్డ మనిషి కాదు. ఎవరి మీదా చాడీ చెప్పదు. తన సంతోషం నలుగురితో పంచుకుంది, అంతే. మేమూ అక్కడే కొంటున్నామని సాయంత్రానికల్లా కాలనీ అంతా తెలిసిపోయింది. మర్నాటి నుంచి వెనక సందులో మనిషి లేడు. అందరూ మా కొట్టు ముందునుంచే నడుస్తున్నారు. నారింజ రంగు సంచులు ఊపుకుంటూ, పలకరిస్తూ వెళ్తున్నారు. "ఏవండీ, కాఫీలయ్యేయా" అంటున్నారు. "ఇవాళ అక్కడ కందిపప్పు బాగుందండి, మీరూ తెచ్చుకోండి" అంటున్నారు. ఎవరి మొహంలోనూ కల్మషం లేదు. ఏదో బరువు దిగినట్టు హాయిగా ఉన్నారు.

ఇన్నాళ్లూ మా కొట్టు నడిచింది సరుకు మీద కాదని అప్పుడు తెలిసింది. మా దగ్గర కొన్న ఆ ఉప్పు పేకెట్లూ అగ్గిపెట్టెలూ అవసరానికి కొన్నవి కావు. మా మొహం చూడలేక, మొహమాటానికి కొన్నవి. ఆ మొహమాటాన్ని నా చేత్తో నేనే తుడిచేశాను. ఇక వాళ్లు ఉప్పు కూడా అక్కడే కొనుక్కుంటారు. రోజంతా బల్ల వెనక కూచుని, వచ్చేపోయేవాళ్ల నవ్వులకి నవ్వులు తిరిగి ఇస్తుంటే నా దవడలు నొప్పెట్టేవి. రాత్రి షట్టరు దింపాక పెరట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. ఎవరి మీద ఏడవాలో కూడా తెలిసేది కాదు.

నెలాఖరు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం మేష్టారి భార్య రెండు నిండు సంచులతో మా కొట్టు దగ్గరికొచ్చి ఆగింది. చెమటలు కారుతున్నాయి. "కాసేపు కూచుంటానండి, అడుగు పడట్లేదు" అంది. మా ఆయన లేచి తన స్టూలు ఇచ్చారు. నేను మంచినీళ్లిచ్చాను. ఆవిడ తన అక్కచెల్లెళ్ల దగ్గర కూచున్నట్టే కూచుని, మేష్టారి బీపీ గురించి, పనిమనిషి గురించి కబుర్లు చెప్పింది. ఆవిడకి మనసులో ఏ అడ్డూ లేదు. లేచి వెళ్లబోతుంటే మా ఆయన రెండు సంచులూ చేతుల్లోకి తీసుకున్నారు.

"అయ్యో మీకెందుకండీ శ్రమ" అంది.

"పర్లేదండి, పదండి" అన్నారు ఆయన.

ఎండలో ఆ నారింజ రంగు సంచులు రెండూ మోసుకుంటూ ఆవిడ వెనకాల నడిచి వెళ్లారు. ఇంటి గుమ్మంలో దింపి వచ్చారు. వచ్చాక చేతులు కడుక్కోలేదు, చొక్కా విప్పలేదు, గుమ్మంలోనే నిలబడ్డారు.

"బియ్యం కూడా అక్కడే కొన్నారు" అన్నారు.

మిగతా సరుకులు తగ్గించినా, ఆవిడ ఇంటికి నెల బియ్యం మాత్రం ఎప్పుడూ మా కొట్టు నుంచే వెళ్లాయి. మండపేట లోడు దిగగానే ఏ బస్తా పాతబియ్యమో చెయ్యి పెట్టి చూసి, ఆవిడకని ఆయనే విడిగా తీసి ఉంచేవారు.

"ఓనరుగారికి ఫోన్ చెయ్యి" అన్నారు. "నేను చెప్పలేను."

పెరట్లోకి వెళ్లి ఫోను చేశాను. కొట్టు తీసేస్తున్నామండి, నెల తిరిగేసరికి గది ఖాళీ చేసి అప్పజెబుతాం అన్నాను. అవతల ఓనరుగారు పెద్దగా ఊపిరి వదిలారు.

"పోన్లెండి, మీ అంతట మీరే చెప్పేరు" అన్నారు. "ఇప్పుడు దాచడమెందుకండి, ఆ గదికి సెల్‌ఫోన్ల షాపువాళ్లు ఎప్పుడో అడ్వాన్సు ఇచ్చేసేరండి. ఇన్నేళ్ల నుంచి ఉన్నారు, మీతో ఎలా అనాలో తెలీక, మొహమాటపడి ఊరుకున్నాను. మీరు ఉంచుతామంటే ఏం చెప్పాలా అని నిద్ర పట్టలేదంటే నమ్మండి."

అలాగేనండి, సంతోషమండి అని పెట్టేశాను. లోపలికి వస్తే మా ఆయన బల్ల దగ్గర అలాగే ఉన్నారు.

"ఏవన్నారు?"

ఆ మొహం చూసి నిజం చెప్పలేకపోయాను. "చాలా బాధపడ్డారండి. మీలాంటివాళ్లు మళ్లీ దొరకరన్నారు. తొందరపడకుండా ఇంకోసారి ఆలోచించుకోమన్నారు."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. చాలా రోజుల తర్వాత నడుం నిటారుగా పెట్టి కూచున్నారు.

"నేను చెప్పలా, ఆయన పెద్దమనిషని" అన్నారు. నా వైపు తిరిగి, ఆశగా అడిగారు. "అయితే, ఇంకోసారి ఆలోచించుకుందామా?"

"వద్దండి" అన్నాను.